కడలి గడువివ్వదు

వాతావరణ మార్పు ప్రస్తావన వచ్చినప్పుడల్లా ఢిల్లీలో నాకు వినిపించే సమాధానం ఒకటే: అంచనాలింకా నిర్ధారణ కాలేదు, వేచి చూద్దాం. వేచి చూడడానికి చెల్లించే మూల్యమేమిటో ఇటీవల పుదుచ్చేరి తీరాన చూశాను.

1980 దశకం చివర పట్టణానికి దక్షిణాన రేవు కోసం సముద్రంలోకి రాతికట్టలు కట్టారు. ఏడాదిలో అధికభాగం ఉత్తరానికి సాగే ఇసుక అక్కడే ఆగిపోయింది. దానిని అవతలికి తరలించే పని సక్రమంగా జరగలేదు. ఊరిముందు ఇసుక తిన్నెలు పోయి బండరాళ్లు మిగిలాయి. జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ 2018-19లో నీటి అడుగున ఉక్కు అడ్డుకట్ట వేశాకగాని కొంత తీరం తిరిగి రాలేదు.

కారణం తెలిసిన చోటే జాప్యం ఇంత నష్టం చేసింది. ఇప్పుడు సముద్రమట్టమే పెరుగుతోంది. ఎంత, ఎప్పటికి అన్నదే సందేహం. తీవ్రమైన ముప్పు ఉన్నచోట సంపూర్ణ శాస్త్రీయ నిశ్చయం లేదన్న సాకుతో నివారణ చర్యలను వాయిదా వేయరాదని 1992 రియో ప్రకటన చెప్పింది. ఆ ముందుజాగ్రత్త సూత్రం మన చట్టంలో భాగమేనని 1996లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది.

గౌతమీతీరపు యానాం కూడా పుదుచ్చేరి ఏలుబడిలోనిదే కనుక ఇది మనకు పరాయి గోడు కాదు. వాన ఎంత కురుస్తుందో రైతుకూ తెలియదు. అయినా తొలకరికి ముందే చెరువుగట్టు సరిచేసుకుంటాడు. ఏలినవారికి ఆపాటి ఇంగితం ఉండవద్దా?