అమెరికా ఎంత దూరం? విమానంలో ఎన్ని గంటలు?

కూతురి కాన్పుకనో, మనవడిని చూడాలనో మన నాచారం, ఉప్పల్ ప్రాంతాల నుండి అమెరికా వెళ్లే పెద్దలు చాలామంది ఉన్నారు. "సిస్టర్, డల్లాస్ ఎంత దూరం? ఎన్ని గంటలు కూర్చోవాలి?" అని ఓ.పి.లో మమ్మల్ని అడుగుతుంటారు. ఆరోగ్యం దృష్ట్యా రెండవ ప్రశ్నే ముఖ్యం.

దూరం, సమయం

తిన్నగా కొలిస్తే హైదరాబాదు నుండి డల్లాస్ దాదాపు 14,400 కి.మీ. దుబాయ్ మీదుగా వెళ్తే శంషాబాద్ నుండి దుబాయ్ 2,550 కి.మీ., సుమారు 4 గంటలు. అక్కడి నుండి డల్లాస్ 12,900 కి.మీ., సుమారు 16 గంటలు. గాలిలోనే 20 గంటలన్నమాట. మూడు గంటల ముందు శంషాబాద్ చేరడం, దుబాయ్‌లో విమానం మారడం కూడా కలిపితే, ఇల్లు విడిచాక ఒక పగలు, ఒక రాత్రి దాటిపోతాయి.

కాళ్లలో ఏమవుతుంది?

కాళ్లలోని రక్తాన్ని పైకి నెట్టేవి పిక్క కండరాలు. గంటల తరబడి కదలకపోతే రక్తం నిలిచి, లోపలి సిరల్లో గడ్డకట్టవచ్చు. ఆ గడ్డ ఊపిరితిత్తులకు చేరితే ప్రాణాపాయం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో వెల్లడించిన పరిశోధన ప్రకారం, 4 గంటలు మించిన ప్రయాణంలో ఈ ప్రమాదం సుమారు రెండింతలవుతుంది. అయినా అది ఆరోగ్యవంతులలో దాదాపు 6,000 మందిలో ఒకరికే. భయపడనక్కర లేదు, అశ్రద్ధ మాత్రం కూడదు.

అమెరికా నుండి వచ్చిన ఒక అమ్మగారు వారం తరువాత ఎడమ కాలి వాపుతో మా దగ్గరకు వచ్చారు. ప్రయాణ బడలికేనని నాలుగు రోజులు కాపడం పెట్టుకున్నారట. స్కానింగులో రక్తపు గడ్డ కనిపించింది. "కిటికీ పక్క సీటు సిస్టర్, పక్కవాళ్లను లేపడానికి మొహమాటపడి అసలు లేవలేదు" అన్నారు. మందులతో కోలుకున్నారు.

పాటించవలసినవి

1. నడిచే దారి పక్క సీటు అడగండి. గంటకో రెండు గంటలకో లేచి నడవండి.

2. కూర్చున్నప్పుడు మడమలు, తరువాత మునివేళ్లు పైకెత్తుతూ పిక్కలను ఆడించండి. కాలు మీద కాలు వేయకండి. నిద్రమాత్రలు వద్దు.

3. విమానంలో గాలి బాగా పొడిగా, ఇంచుమించు ఊటీ ఎత్తులో ఉన్నంత పలుచగా ఉంటుంది. నీళ్లు తరచుగా తాగండి. గుండె, ఊపిరితిత్తుల జబ్బులు, రక్తహీనత ఉన్నవారు ముందే డాక్టరుకు చూపించుకోండి.

4. మందులు, ఇన్సులిన్, డాక్టరు చీటీ చేతి సంచిలోనే ఉంచండి. కింద లగేజీలో వేస్తే ఇన్సులిన్ గడ్డకట్టి పాడవచ్చు, పెట్టె దారి తప్పవచ్చు.

5. డల్లాస్ గడియారం మనకంటే వేసవిలో పదిన్నర, చలికాలంలో పదకొండున్నర గంటలు వెనుక. వెళ్లే రోజు మీకు 24 గంటలు కాదు, 34 గంటలు దాటుతుంది. ఇన్సులిన్ వేళలు డాక్టరుతో రాయించుకోండి.

6. ఇటీవల ఆపరేషన్ అయినవారు, ఇదివరకు రక్తం గడ్డకట్టినవారు, గర్భిణులు, క్యాన్సర్ రోగులు సలహా లేకుండా బయలుదేరవద్దు. సొంతంగా ఆస్ప్రిన్ మొదలుపెట్టవద్దు.

ప్రయాణం తరువాత నాలుగు వారాలలో ఒక కాలే వాచినా, పిక్క నొప్పి పుట్టినా వెంటనే చూపించుకోండి. ఆయాసం, ఛాతీ నొప్పి ఉంటే క్షణం ఆలస్యం చేయవద్దు.

టికెట్టు ఖాయం కాగానే, రెండు మూడు వారాల ముందే మీ మందుల చీటీతో వచ్చి మమ్మల్ని కలవండి.