పల్లెపాటకు పెద్ద మేళం!

డప్పు పక్కన పుట్టిన పాట ట్రంపెట్ల మధ్యకు వెళితే ఏమవుతుంది? మట్టి వాసన పోగొట్టుకుంటుందా... మరింత మందికి చేరుతుందా? అమెరికాలో ఈ ప్రశ్నకు రెండు ఆల్బమ్‌లు జవాబిచ్చాయి. అంతకన్నా ముందే మన సాలూరు వైపు నుంచి వెళ్లిన ఓ కుర్రాడు తన జవాబు చెప్పేశాడు!

అనకాపల్లి జిల్లా బుచ్చయ్యపేట కావచ్చు, ఆ మండలంలోనే ఉన్న వడ్డాది కావచ్చు... పెళ్లి ఊరేగింపు కదిలిందంటే ముందు బ్యాండు మేళం నడవాల్సిందే. క్లారినెట్, ట్రంపెట్, శాక్సాఫోన్, డ్రమ్ములు... అన్నీ తెల్లదొరల వెంట వచ్చిన వాద్యాలే. వాటి మీద వాయించేది మాత్రం మన పాట. అది ఎవరికీ వింతగా అనిపించదు!

ఇంచుమించు ఇవే వాద్యాలతో అమెరికాలో పుట్టింది 'బిగ్ బ్యాండ్ జాజ్'. పదిహేను మంది, ఒక్కోసారి ఇంకా ఎక్కువమంది కలిసి వాయిస్తుంటే 1930ల్లో, 40ల్లో అక్కడి డ్యాన్సు హాళ్లు ఊగిపోయాయి. ఆ దేశపు పల్లెపాట పేరేమో 'కంట్రీ'. దానికి ఇంత హంగు అక్కర్లేదు. గిటారు, ఫిడేలు, కష్టసుఖాలు చెప్పుకునే ఓ గొంతు... అంతే.

ఈ రెంటినీ కలిపితే?

ఆ సాహసం చేసినవారిలో అందరికన్నా పేరొచ్చింది రే చార్లెస్‌కి. ఆయన నల్లజాతి గాయకుడు, చిన్నప్పుడే చూపు పోయింది. కంట్రీ అంటే తెల్లవాళ్ల పాట అనుకునే రోజుల్లో, 1962లో, ఆ పాటల్నే ఏరుకుని కొన్నిటికి బిగ్ బ్యాండునీ, మరికొన్నిటికి వయొలిన్ల బృందాన్నీ జోడించి ఓ ఆల్బమ్ చేశాడు. అది 14 వారాలపాటు అమెరికా అమ్మకాల పట్టికలో మొదటి స్థానంలో నిలిచింది. 1989లో టెక్సాస్‌కి చెందిన లైల్ లవెట్ మరో అడుగు వేశాడు. తన పాటలు తానే రాసుకునే ఈ కంట్రీ గాయకుడు 'లైల్ లవెట్ అండ్ హిజ్ లార్జ్ బ్యాండ్' పేరుతో తెచ్చిన ఆల్బమ్‌లో ఒకవైపు శాక్సాఫోన్లు, జాజ్ హోరు. రెండోవైపు తిప్పితే అచ్చమైన కంట్రీ. దానికి గ్రామీ అవార్డూ వచ్చింది.

సాలూరు నుంచి కలకత్తాకు...

ఇక మన కథ. 1922లో సాలూరు దగ్గర శివరామపురంలో పుట్టారు సాలూరి రాజేశ్వరరావు. తండ్రి సన్యాసిరాజు మృదంగ విద్వాంసుడు, ద్వారం వెంకటస్వామినాయుడు అంతటివారికి పక్కవాద్యం వాయించారు. పద్నాలుగేళ్లు నిండకుండానే రాజేశ్వరరావు గ్రామఫోను రికార్డుకు పాడారు. 1935లో 'శ్రీకృష్ణలీలలు' సినిమాలో చిన్నికృష్ణుడై తెరకెక్కారు. ఆ తరవాత కలకత్తా వెళ్లి పంకజ్ మల్లిక్, సైగల్ లాంటి దిగ్గజాల దగ్గర మెలకువలు నేర్చుకున్నారు. మన రాగాన్ని పెద్ద వాద్యబృందంతో ఎలా పలికించాలో ఆయన కళ్లారా చూసిందక్కడే.

ఆ విద్య మద్రాసులో అక్కరకొచ్చింది. 1948లో జెమిని వాసన్ తీసిన 'చంద్రలేఖ' పాటలకు బాణీలు ఆయనవే. సర్కస్ డేరా, జిప్సీ పాట, కొండంత ఢంకాల మీద వందలమంది నాట్యం! కర్ణాటక, హిందుస్తానీ బాణీల పక్కనే లాటిన్ అమెరికా లయలూ, ఐరోపా వాల్ట్జులూ వచ్చి కూర్చున్నాయి. అప్పటి రికార్డింగు ఇప్పటిలా ముక్కలుముక్కలుగా అతికించేది కాదు. గాయకులూ వాద్యకారులూ ఒకేసారి పాడాలి, వాయించాలి. ఒక్కరు తప్పినా మళ్లీ మొదటికే!

బండి చప్పుడు వినిపించాలి

ఇంత హంగు తెలిసిన మనిషి మూడేళ్ల తరవాత ఏం చేశారు? 1951లో బి.ఎన్.రెడ్డి 'మల్లీశ్వరి'కి సంగీతం కట్టారు. ఆ పాటలకు ఆరు నెలలు పట్టిందంటారు. దేవులపల్లి కృష్ణశాస్త్రి మాటలు, ఘంటసాల, భానుమతి గొంతులు, వాద్యబృందం బాధ్యత అద్దేపల్లి రామారావుది. బావామరదళ్లు ఎడ్లబండి మీద ఇంటికి పరుగుతీసే పాట ఒక్కసారి గుర్తుతెచ్చుకోండి. ముందుగా మన చెవికి తగిలేది ఆర్కెస్ట్రా కాదు... ఎడ్ల పరుగు! వాద్యాలన్నీ ఆ పరుగు వెనకే వస్తాయి. ఇక కోతిబావ పెళ్లి పాటైతే పిల్లలు వీధిలో కట్టుకున్నదే అనిపిస్తుంది.

కిటుకు అక్కడే ఉంది. వాద్యాలు ఎన్నున్నాయన్నది కాదు, అవి ఎప్పుడు ఊరుకున్నాయన్నదే లెక్క. చేతిలో పెద్ద మేళం ఉండి కూడా దాన్ని ఆపగలగడం మాటలు కాదు. రే చార్లెస్ పాటల్లోనూ అంతే. గొంతు మాట చెబుతున్నంతసేపూ బ్యాండు తగ్గుతుంది, ఊపిరి తీసుకోగానే అందుకుంటుంది.

మేళమే వద్దన్నవారు

మరి హంగులే లేకపోతే పాట నిలవదా? అదే ఉత్తరాంధ్ర మరో జవాబూ ఇచ్చింది. పార్వతీపురం దగ్గర పెదబొండపల్లిలో పుట్టిన వంగపండు ప్రసాదరావు పాటలు తానే రాసి, తానే కట్టి, తానే పాడారు. విశాఖ షిప్‌యార్డులో కార్మికుడిగా పనిచేసిన ఆయనకు కాలి గజ్జెలూ, పక్కన డప్పూ చాలు. వేలమంది జనం కోరస్ అయ్యేవారు. ఓ పిల్లణ్ని వెంట రమ్మని పిలిచే ఆయన పాట ఊరి యాసలోనే రాష్ట్రమంతా తిరిగింది. యాసను దిద్దాలని ఎవరూ అనుకోలేదు!

రాజేశ్వరరావు 1999లో, వంగపండు 2020లో వెళ్లిపోయారు. ఒకరు పాటను పెద్ద మేళం దగ్గరకు తీసుకెళ్లారు, ఒకరు జనం దగ్గరే ఉంచారు. ఇద్దరూ పాడుచేయనిది ఒక్కటే... పాటలోని మాట.

ఇప్పుడు పల్లెపాటకు కంప్యూటర్‌లో వంద వాద్యాలు జోడించడం క్షణాల పని. పండగొస్తే డీజే పెట్టెల హోరు సరేసరి. అందులో పాట ఏ ఊరిదో, ఏ పని చేస్తూ పాడుకున్నదో తెలుస్తోందా అన్నదే అసలు పరీక్ష. ఈసారి పల్లెపాట రీమిక్స్ ఏదైనా వినిపిస్తే ఇంట్లో పెద్దవాళ్లను అడిగి చూడండి... మాటలు అర్థమయ్యాయా అని. అయ్యాయంటే ఆ మేళం ఎంత పెద్దదైనా ఫర్వాలేదు!