వారం బట్వాడా పక్షానికి మారితే...

శనివారం సాయంత్రం బట్వాడా, ఆదివారం బజారు. కూలినాలి చేసుకుని బతికే ఇళ్ళలో తరతరాలుగా నడుస్తున్న లెక్క ఇది. కిరాణా కొట్టు పద్దు, పాలవాడి బాకీ, చీటీ డబ్బు, పిల్లల పుస్తకాలు అన్నీ ఆ ఒక్క రోజు చుట్టూనే తిరుగుతాయి. అలాంటి ఇంటికి ఒకనాడు మేస్త్రీ కబురు తెస్తాడు: "వచ్చే నెల నుంచి వారం బట్వాడా లేదు. రెండు వారాలకొకసారి బ్యాంకులో పడుతుంది." వినడానికి ఇది చిన్న మార్పే. కూలి రేటు తగ్గలేదు, పని గంటలు పెరగలేదు. అయినా ఆ రాత్రి ఇల్లాలికి నిద్ర పట్టదు. ఎందుకు పట్టదో యజమానులకూ తెలియాలి, మనకూ తెలియాలి.

నక్కపల్లి ప్రాంతంలో ఈ విషయం ఇప్పుడు మాట్లాడుకోవలసిన అవసరం ఉంది. 2022 ఏప్రిల్‌లో విశాఖపట్నం జిల్లా నుంచి విడివడి అనకాపల్లి జిల్లాలో చేరిన ఈ మండలం ఒకప్పుడు వ్యవసాయం, చేపల వేట మీద బతికింది. తరువాత జాతీయ రహదారి పక్కన మందుల ఫ్యాక్టరీలు వచ్చాయి, తీరం వెంట రొయ్యపిల్లల హేచరీలు వెలిశాయి. 2025 జనవరి 8న ఇక్కడి బల్క్ డ్రగ్ పార్కుకు ప్రధానమంత్రి విశాఖపట్నం సభ నుంచి శంకుస్థాపన చేశారు. పొలం పనిలో ఏ రోజు కూలి ఆ రోజే చేతికి వచ్చేది. కాంట్రాక్టరు కింద చేరితే వారానికి వస్తుంది. పెద్ద కంపెనీ పద్ధతికి వచ్చేసరికి పక్షానికో, నెలకో వస్తుంది. పని పెద్దదవుతున్న కొద్దీ కూలి చేతికందే రోజు దూరం జరుగుతోందన్నమాట.

ఖాళీ పడిన శనివారం

ఒక చిన్న లెక్క చూద్దాం. రోజుకు 500 రూపాయల చొప్పున ఆరు రోజులు పనిచేసే మనిషికి వారానికి 3,000 రూపాయలు వస్తాయి. ఒకటో తేదీ శనివారం నాడు అతడికి చివరి వారం బట్వాడా అందిందనుకుందాం. ఎనిమిదో తేదీ శనివారం ఏమీ రాదు. పదిహేనో తేదీతో పక్షం ముగుస్తుంది. లెక్క చూసి డబ్బు వేసేసరికి పదిహేడు కావచ్చు. అంటే వారానికి సరిపోయే 3,000 రూపాయలతో ఆ ఇల్లు పదహారు రోజులు గడవాలి.

"ఆ తరువాత ఒకేసారి 6,000 వస్తుంది కదా" అంటారు. వస్తుంది. కాని ఆ 6,000 గడచిన రెండు వారాల కష్టానికి ఫలం, దానితో రాబోయే రెండు వారాలు గడవాలి. మధ్యలో ఖాళీ పడిన శనివారం కోసం తెచ్చిన అప్పు తీర్చడానికి అందులో అదనంగా ఒక్క రూపాయి కూడా ఉండదు. నూటికి ఐదు రూపాయల వడ్డీకి 3,000 తెస్తే నెలకు 150 రూపాయలు వడ్డీకే పోతుంది. అసలు తీర్చలేకపోతే ఏడాదికి 1,800 అవుతుంది. తెచ్చిన మొత్తంలో సగానికి పైగా వడ్డీ కింద కట్టినా అసలు మూడు వేలు అలాగే నిలిచి ఉంటుంది. ఒక్క శనివారం తెచ్చిన చిల్లు ఇది. వడ్డీని హరాంగా ఎంచే ఇళ్ళు కూడా ఇటువంటి చోటే జారిపడతాయి. పెద్ద పెళ్ళి ఖర్చో, వ్యాపార నష్టమో అక్కరలేదు, బియ్యం డబ్బాలో అడుగు కనిపిస్తే చాలు.

యజమాని వైపు నుంచి కూడా చూడాలి. ఏడాదికి 52 సార్లు మస్టరు లెక్క కట్టి, పద్దులు సరిచూసి, డబ్బు పంచడం కంటే 26 సార్లు చేయడం తేలిక. హడావిడి లెక్కల్లో దొర్లే తప్పులు తగ్గుతాయి. ఇది అబద్ధపు కారణం కాదు. అయితే నూరు మంది పనివాళ్ళున్న చోట ఈ మార్పు వల్ల మూడు లక్షల రూపాయలు మరో వారం పాటు యజమాని దగ్గరే నిలుస్తాయి. అది పనివాళ్ళు అప్పటికే కష్టపడి సంపాదించుకున్న సొమ్ము. మార్పు వల్ల కలిగే సౌకర్యం ఒకరిది, దాని ఖర్చు మరొకరిది కాకూడదన్నదే ఇక్కడి న్యాయం.

హప్తా అంటే ఎన్ని రోజులు?

ఈ తగవు కొత్తది కాదు. ఉర్దూలో హప్తా అంటే వారం. కాని 1920లలో అహమ్మదాబాదు బట్టల మిల్లుల్లో హప్తా అంటే 14 లేక 16 రోజులు! పేరు వారానిది, కూలి పక్షానిది. బెంగాల్ జనపనార మిల్లుల్లో వారం వారం ఇచ్చేవారు. బొంబాయి మిల్లుల్లో నెలకొకసారి ఇచ్చేవారు. కూలి వారం వారం చెల్లించాలని 1925లోనే కేంద్ర శాసనసభలో ఒక ప్రైవేటు బిల్లు వచ్చింది. తరువాత విట్లీ అధ్యక్షతన పనిచేసిన రాయల్ కమిషన్ 1931 నివేదికలో కార్మికుల అప్పుల సంగతి వివరంగా చర్చించి, బట్టల మిల్లులు, రైల్వే వర్క్‌షాపులు, ఇనుము-ఉక్కు కర్మాగారాల్లో 16 రోజులకు మించకుండా కూలి చెల్లించాలని సిఫారసు చేసింది. తీరా 1936లో వేతనాల చెల్లింపు చట్టం వచ్చేసరికి గడువు నెల దాటకూడదన్న కట్టుబాటు మాత్రమే మిగిలింది.

ఉపాధి హామీ పనికి వెళ్ళిన మన అక్కచెల్లెళ్ళకు ఈ గడువుల విలువ బాగా తెలుసు. 2005 నాటి ఆ చట్టం కూలి వారం వారం ఇవ్వాలని, ఎట్టి పరిస్థితుల్లోనూ పక్షం దాటరాదని చెప్పింది. మస్టరు మూసిన తరువాత 16వ రోజు దాటితే రోజుకు 0.05 శాతం చొప్పున పరిహారం ఉండేది. 3,000 రూపాయల కూలి మీద అది రోజుకు రూపాయిన్నర. ఆ చట్టం స్థానంలో 2025 డిసెంబరులో పార్లమెంటు మరో చట్టం ఆమోదించింది కాని, అది నేర్పిన పాఠం మాత్రం మిగిలింది. ఆలస్యానికి కూడా ఒక ధర ఉంది, దాన్ని ఆలస్యం చేసినవారే చెల్లించాలి.

నేటి చట్టం ఏమంటోంది?

2019లో పార్లమెంటు చేసిన వేతనాల కోడ్ 2025 నవంబరు 21న అమలులోకి వచ్చింది. దాని ప్రకారం వేతన కాలాన్ని రోజు, వారం, పక్షం, నెల అని నాలుగు విధాలుగా యజమాని నిర్ణయించవచ్చు. కనుక పక్షం పద్ధతి దానంతట అది చట్టవిరుద్ధం కాదు. అయితే ఒక్కొక్క పద్ధతికి ఒక్కొక్క గడువు ఉంది. రోజు కూలి అయితే షిఫ్టు ముగియగానే ఇవ్వాలి. వారం కూలి అయితే వారపు సెలవుకు ముందు, చివరి పనిరోజున ఇవ్వాలి. పక్షం కూలి అయితే పక్షం ముగిసిన రెండో రోజు దాటకుండా ఇవ్వాలి. నెల జీతం అయితే మరుసటి నెల ఏడో తేదీ లోపల ఇవ్వాలి. పని మానేసినా, మాన్పించినా రెండు పనిదినాల్లో లెక్క తేల్చాలి.

అంతకంటే ముఖ్యమైన సంగతి మరొకటి ఉంది. వేతనం చెల్లించే కాలాన్ని మార్చడాన్ని 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టమే సర్వీసు షరతుల మార్పుగా లెక్కించింది. దాని స్థానంలో వచ్చిన 2020 పారిశ్రామిక సంబంధాల కోడ్ కూడా ఆ మాటను నిలబెట్టింది. అలాంటి మార్పుకు ముందు కార్మికులకు నోటీసు ఇవ్వాలి, నోటీసు ఇచ్చాక 21 రోజుల లోపల మార్పు అమలు చేయకూడదు. మేస్త్రీ నోటిమాటతో సోమవారం నుంచి పద్ధతి మారిపోయిందనడం కుదరదు.

గంటల లెక్కన పనిచేసేవారు మరో జాగ్రత్త తీసుకోవాలి. వారానికి 48 గంటలు అన్న కొలత 1948 ఫ్యాక్టరీల చట్టం నాటి నుంచి ఉంది. అదనపు పనికి రెట్టింపు కూలి ఇవ్వాలి. ఒక వారం 60 గంటలు చేయించుకుని, మరుసటి వారం 36 గంటలే పని చూపించి, "రెండూ కలిపితే 96, సగటు 48, కనుక ఓవర్‌టైం లేదు" అని ఎవరైనా చెబితే ఆ లెక్క తప్పు. మొదటి వారంలోని 12 గంటలు ఓవర్‌టైమే. చెల్లింపు పక్షానికి మారవచ్చు గాని గంటల లెక్క పక్షానికి మారదు. అందుకే ఏ రోజు ఎన్ని గంటలు పనిచేసిందీ ఇంట్లో ఒక చిన్న నోటు పుస్తకంలో రాసి ఉంచుకోవాలి. జీతం చీటీ ఇవ్వడం యజమాని బాధ్యత, దాన్ని అడిగి తీసుకోవాలి. కాంట్రాక్టరు కూలి ఎగవేస్తే ఆ పని నడిచిన సంస్థ యజమానిదే బాధ్యత అని వేతనాల కోడ్ చెబుతోంది. కూలి ముట్టిందని రుజువు చేయవలసిన భారం కూడా యజమాని మీదే ఉంది. ఫిర్యాదు చేసుకోవడానికి మూడేళ్ళ గడువు ఉంది.

ఒప్పందం, అమానతు

చెమట ఆరకముందే కూలి చెల్లించమన్న ప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) హితవు మన ఇళ్ళలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. మరి పక్షానికి కూలి ఇస్తే అది ఆ హితవుకు విరుద్ధమా అని కొందరు అడుగుతుంటారు. ఫిఖహ్ గ్రంథాల్లో ఇజారా అధ్యాయం చదివినవారికి జవాబు తెలుసు. కూలి ఎంతో, కాలం ఎంతో ఇద్దరికీ స్పష్టంగా తెలిసి ఉండాలి. ఇద్దరూ మనస్ఫూర్తిగా ఒప్పుకుంటే కూలిని ముందే ఇవ్వవచ్చు, గడువు పెట్టుకుని తరువాతా ఇవ్వవచ్చు. ఒప్పుకున్న గడువును నడిమధ్యలో ఒకరే మార్చేయడం, ఇవ్వగలిగిన స్తోమత ఉండీ వాయిదా వేయడం మాత్రం జుల్మ్.

తన సమయాన్ని ఒకే యజమానికి అప్పగించిన పనివాణ్ణి ఉలమా 'అజీర్-ఎ-ఖాస్' అంటారు. అతడు వేళకు వచ్చి సిద్ధంగా నిలబడితే, యజమాని పని చూపించలేకపోయినా కూలికి హక్కుదారుడే. గంటల కూలీకి ఈ మాట ఎంత అండో ఆలోచించండి. సంపాదించిన కూలి చెల్లింపు రోజు దాకా యజమాని దగ్గర ఉండిపోతే, దాన్ని అమానతులా చూసుకోవడం మర్యాద. మన వాళ్ళలోనూ చిన్న కార్ఖానాలు, వర్క్‌షాపులు, కట్టుబడి కాంట్రాక్టులు నడిపేవారున్నారు. ఈ మాట ముందుగా వారికే చెప్పుకోవాలి.

చిల్లు పడకుండా దారి

మార్పు తప్పదనుకున్నప్పుడు దాన్ని నొప్పి లేకుండా చేసే మార్గాలున్నాయి. అన్నిటికంటే మంచిది, ఖాళీ పడే మొదటి శనివారం నాడు ఒక వారం కూలిని వడ్డీ లేని అడ్వాన్సుగా ఇవ్వడం. ఆ 3,000 రూపాయలను పక్షానికి 300 చొప్పున పది పక్షాల్లో మినహాయించుకోవచ్చు. ఇరవై వారాల్లో తీరిపోతుంది, ఏ ఇల్లూ వడ్డీ గడప తొక్కదు. అలా కుదరకపోతే రెండు నెలల ముందుగానే తేదీ చెప్పాలి, అప్పుడు వారానికి నాలుగు వందలైనా పక్కన పెట్టుకునే వీలుంటుంది. రంజాన్ నెలలోనో, బడులు తెరిచే జూన్‌లోనో మార్పు మొదలుపెట్టకపోవడం కూడా దయే.

'పక్షం' అంటే ఏమిటో ముందే తేల్చుకోవాలి. ప్రతి 14 రోజులకా, లేక నెలలో రెండు తేదీలకా? మొదటిదైతే ఏడాదికి 26 బట్వాడాలు వస్తాయి, రోజు ఎప్పుడూ ఒకటే. రెండోదైతే 24 బట్వాడాలే వస్తాయి, ఒక్కొక్కదానిలో పనిదినాలు మారుతుంటాయి. 14 రోజుల పద్ధతిలో ఏడాదికి రెండు నెలల్లో మూడేసి బట్వాడాలు పడతాయి. ఆ మూడోదానిలో కొంత మిగిల్చుకున్న ఇల్లు మరుసటి ఏడాది ఎవరి ముందూ చేయి చాపదు.

అప్పు వాయిదాలు కూడా కూలి రోజుకు సరిపోవాలి. ఇది మన రాష్ట్రం కన్నీళ్ళతో నేర్చుకున్న పాఠం. మైక్రోఫైనాన్స్ కంపెనీల వారం వారం వసూళ్ళ ఒత్తిడికి గ్రామాలు అల్లాడినప్పుడు, 2010 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి వాయిదాలు నెలకొకసారే ఉండాలంది. వాయిదా వారానికా, పక్షానికా, నెలకా అన్నది అప్పు తీసుకున్నవారి ఇష్టమని 2011లో రిజర్వు బ్యాంకు కూడా చెప్పింది. కూలి పక్షానికి మారినప్పుడు చీటీ నడిపేవారితో, కిరాణా కొట్టు యజమానితో, ఇల్లు అద్దెకిచ్చినవారితో ముందే మాట్లాడుకుంటే సగం చిక్కు తీరుతుంది.

అమెరికాలో గంటల జీతానికి పనిచేసే మన తెలుగు పిల్లలకు రెండు వారాల చెక్కు మామూలే. అక్కడి ప్రైవేటు సంస్థల్లో ఎక్కువ చోట్ల నడిచే పద్ధతి అదే. అయినా న్యూయార్క్ రాష్ట్ర చట్టం శారీరక శ్రమ చేసే కార్మికులకు వారం వారం చెల్లించాలని నేటికీ అంటోంది. చేతి కష్టం మీద బతికేవాడి ఇంట్లో నిల్వ ఉండదన్న సంగతి అక్కడి చట్టమూ గుర్తించింది.

మన పల్లెల్లో 'చేబదులు' అనే చక్కని మాట ఉంది. వడ్డీ లేకుండా, కాగితం లేకుండా, మనిషి మీద నమ్మకంతో ఇచ్చి పుచ్చుకునేది. ఖర్జె హసనా అన్నా అదే. మస్జిదు కమిటీలు ఏడాదికొకసారి పెద్ద మొత్తాలు పంచడంతో పాటు, బట్వాడా తప్పిన వారంలో రెండు మూడు వేల రూపాయల చేబదులు ఇచ్చే చిన్న నిధి పెట్టుకుంటే ఎన్నో ఇళ్ళు వడ్డీ వ్యాపారి గుమ్మం ఎక్కకుండా ఆగుతాయి. పదిమంది కలిసి తలా ఐదు వందలు వేసుకుంటే మొదలయ్యే పని ఇది. తీసుకున్నవారు రెండు పక్షాల్లో తిరిగి ఇస్తే అదే డబ్బు మరో ఇంటిని ఆదుకుంటుంది. ఈ శుక్రవారం నమాజు తరువాత ఒక పావుగంట కూర్చుని ఈ విషయం మాట్లాడుకోవడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు.