ఏ వంతెనకు ముందు మందు?

నిజామాబాదు నుంచి బోధన్‌కు వెళ్ళేటప్పుడు దారిలో ఎన్ని వంతెనలు వస్తాయో ఎప్పుడైనా లెక్కపెట్టారా? మంజీర నది మీద 1923లో మొదలుపెట్టి 1931లో పూర్తిచేసిన నిజాంసాగర్ నీళ్ళు కాలువల వెంట ఈ ప్రాంతానికి వచ్చాయి. నీళ్ళ వెంట చెరుకు వచ్చింది. చెరుకు కోసం 1930ల చివర బోధన్ శక్కర్‌నగర్‌లో చక్కెర ఫ్యాక్టరీ వెలిసింది. కాలువ ఉన్నచోట దాన్ని దాటటానికి వంతెన కావాలి గదా! అందుకే ఇక్కడ చిన్నా పెద్దా వంతెనలు అనేకం.

ఆ ఫ్యాక్టరీ 2015లో మూతపడింది. అందుచేత చెరుకు దూరపు ఫ్యాక్టరీలకు పోవలసి వచ్చింది. నరికిన చెరుకు ఆలస్యమైనకొద్దీ బరువూ తగ్గుతుంది, తీపీ తగ్గుతుంది. దారిలో ఒక్క వంతెన మూసేస్తే బండ్లన్నీ చుట్టుతిరిగి పోవాలి. రైతుకు నష్టం, బడి పిల్లలకూ, ఆస్పత్రికి పోయేవాళ్ళకూ కష్టం.

మనుషుల్లాగే వంతెనలూ ముసలివవుతాయి. వాటికి పెద్ద శత్రువు బరువు కాదు, నీరు! వాన నీరు పోయే గొట్టాలు మట్టితో పూడిపోతే నీరు పైనే నిలిచి, సిమెంటులోకి ఇంకి, లోపలి ఇనుప చువ్వలను తుప్పు పట్టిస్తుంది. తుప్పుకు ఇనుముకన్నా ఎక్కువ చోటు కావాలి. అది లోపలి నుంచి నెట్టి సిమెంటును పగలగొడుతుంది. రాతి వంతెనకైతే రావిమొక్క చాలు. దాని వేళ్ళు సందుల్లో దూరి రాళ్ళను విడదీస్తాయి.

వరద ఇంకా మాయదారిది. అది స్తంభం చుట్టూ సుడి తిరుగుతూ అడుగున మట్టిని తవ్వేస్తుంది. వరద తీసేటప్పుడు ఆ గుంటలో ఒండ్రు నింపి, ఏమీ ఎరగనట్టు పోతుంది! 2025 ఆగస్టు చివర కామారెడ్డి జిల్లాలో కురిసిన కుండపోత వానలకు రైలు పట్టాల కింది మట్టి కొట్టుకుపోయి రైళ్ళు ఆగిపోయాయి. పట్టాలు గట్టివే, కాని కింద నేల లేకపోతే ఏం లాభం?

ఇప్పుడు మీరే ఇంజనీరు అనుకోండి. మీ చేతిలో 12 లక్షల రూపాయలున్నాయి. వంతెనలు మూడు.

మొదటిది పెద్దది. బస్సులూ, చెరుకు లారీలూ దాని మీదే పోతాయి. చూపుకు బాగానే ఉన్నది, కాని వరద ఒక స్తంభం అడుగును తవ్వింది. పెద్ద రాళ్ళు వేసి కాపాడటానికి 8 లక్షలు కావాలి.

రెండవది కొత్తది. నీటి గొట్టాలు మాత్రం పూడాయి. బాగుచేయటానికి 2 లక్షలు. కొన్నేళ్ళు ఊరుకుంటే 20 లక్షలవుతుంది.

మూడవది చాలా పాతది. పెచ్చులూడి భయం గొలుపుతున్నది. పూర్తిగా బాగుచేయాలంటే 12 లక్షలు. దాని పక్కనే కొత్త వంతెన ఉన్నందువల్ల దీని మీద అంతగా రాకపోకలు లేవు.

చాలామంది మూడవదాన్నే చూపిస్తారు. తెలివైన ఇంజనీరు అలా చేయడు. "ఏది ముసలిది?" అని కాక, "ఏది పోతే ఎక్కువ నష్టం? ఎక్కడ ఇవాళ ఒక రూపాయి పెడితే రేపు పది మిగులుతాయి?" అని అడుగుతాడు. మొదటి రెంటికీ 10 లక్షలు పెడతాడు. మిగిలిన 2 లక్షలతో మూడవదాని మీది మొక్కలు తీయించి, అడ్డుగోడ కట్టించి, ఎవరూ దాని మీదికి పోకుండా చేస్తాడు.

ఇలా ఎంచాలంటే ముందు అన్నిటినీ చూసి ఉండాలి. అందుకే కేంద్ర ప్రభుత్వం 2016లో జాతీయ రహదారుల వంతెనల జాబితా తయారుచేయించింది. ఒక్కొక్కదానికి ఒక గుర్తింపు సంఖ్య, మీకు బడిలో వేసినట్టే మార్కులు!

ఒక్కొక్కప్పుడు ఎక్కువ ఖర్చే పొదుపవుతుంది. స్కాట్లండులో 1890లో తెరిచిన ఫోర్త్ రైలు వంతెన ఉక్కుతో కట్టినది. దానికి రంగు వేయటం ఎన్నటికీ పూర్తికాదని సామెత పుట్టింది. 2011లో ముగించిన పనిలో మేలురకం రంగు వేశారు. అది పాతికేళ్ళు ఉంటుందని అంచనా.

మీ ఊరి వంతెనను ఒడ్డునుంచే చూడండి. కిందికి మాత్రం దిగకండి. వాన వెలిసిన గంటకు కూడా పైన నీరు నిలిచి ఉన్నదా? గోడలో రావిమొక్క మొలిచిందా? కనిపిస్తే ఇంట్లో పెద్దవాళ్ళకు చెప్పి, పంచాయతీకి చీటీ రాయించండి. మొక్క చిన్నగా ఉన్నప్పుడు చేత్తో పీకితే వస్తుంది. మానైతే గోడతో సహా వస్తుంది!