డ్రాఫ్ట్‌లో రెండో స్థానం, జట్టులో మూడో వరుస: ఫిన్లాండ్ ఐస్ హాకీ ఆటగాడు కాపో కక్కో ప్రస్థానం

2019 జనవరి 5న కెనడాలోని వాంకూవర్ నగరంలో 20 ఏళ్లలోపు వారి ప్రపంచ ఐస్ హాకీ పోటీల తుది సమరం జరిగింది. ఫిన్లాండ్ రెండు గోల్స్ ఆధిక్యాన్ని చేజార్చుకోవడంతో అమెరికా 2-2తో సమం చేసింది. ఆట ముగియడానికి నిమిషం 26 సెకన్లు ఉందనగా, గోల్ పక్కన చిక్కిన రబ్బరు బిళ్లను 17 ఏళ్ల కుర్రవాడు వలలోకి నెట్టాడు. ఫిన్లాండ్ విశ్వవిజేత అయింది. ఓడిన అమెరికా జట్టులో జాక్ హ్యూస్ అనే మరో 17 ఏళ్ల యువకుడు ఉన్నాడు. సరిగ్గా ఐదున్నర నెలల తర్వాత, జూన్ 21న, అదే ప్రాంగణంలో ఆ ఇద్దరి పేర్లు ఒకదాని వెంట ఒకటి వినిపించాయి. ఉత్తర అమెరికాకు చెందిన నేషనల్ హాకీ లీగ్ డ్రాఫ్ట్‌లో న్యూజెర్సీ డెవిల్స్ హ్యూస్‌ను మొదటి ఆటగాడిగా ఎంచుకోగా, ఫిన్లాండ్ కుర్రవాడు కాపో కక్కోను న్యూయార్క్ రేంజర్స్ రెండో ఆటగాడిగా తీసుకుంది.

ఆ రెండో స్థానమే అతడికి గుర్తింపు తెచ్చింది. ఆ తర్వాత ఐదున్నరేళ్లు అతడిని వెంటాడిందీ అదే.

కక్కో 2001 ఫిబ్రవరి 13న ఫిన్లాండ్ నైరుతి తీరంలోని తుర్కు నగరంలో జన్మించాడు. పేరు గురించి ఒక మాట. ఫిన్నిష్ భాషలో హ్రస్వదీర్ఘాల భేదం, ద్విత్వాక్షరాల పలుకుబడి తెలుగులో మాదిరిగానే అర్థాన్ని నిర్ణయిస్తాయి. తొలి పేరులోని దీర్ఘం, ఇంటిపేరులోని ద్విత్వం ఇంగ్లీషు నోట తరచూ తారుమారవుతాయి గానీ, తెలుగువారు ఉన్నది ఉన్నట్టు పలకగలరు.

ఫిన్లాండ్ జనాభా దాదాపు 56 లక్షలు, అంటే హైదరాబాద్ నగర జనాభా కంటే తక్కువ. అంత చిన్న దేశం ఐస్ హాకీలో కెనడా, అమెరికాలను ఓడిస్తుంటుంది. మంచు మైదానంపై ఒక్కో జట్టుకు గోల్‌కీపర్‌తో కలిపి ఆరుగురు ఉంటారు. ఆట 20 నిమిషాల చొప్పున మూడు భాగాలుగా సాగుతుంది. స్కేట్లపై పూర్తి వేగంతో కదిలే ఆటగాళ్లు సాధారణంగా ముప్పావు నిమిషానికి మించి మంచుపై ఉండరు. వారు బెంచీకి చేరగానే మరో దళం దిగుతుంది. దాడి చేసే ముగ్గురిని కలిపి ఒక వరుస అంటారు. జట్టుకు నాలుగు వరుసలుంటాయి. మొదటి వరుసలోని వారికి ఎక్కువ సమయం, మెరుగైన సహచరులు లభిస్తారు. నాలుగో వరుసకు మిగిలిన నిమిషాలే దక్కుతాయి. కక్కో కథలో ఈ వరుసల లెక్కే కీలకం.

సొంతూరి క్లబ్ టీపీఎస్ తరఫున 2018-19 సీజన్‌లో అతడు 45 మ్యాచ్‌లలో 22 గోల్స్ చేశాడు. ఆ వయోవర్గంలో అంతకు ముందున్న రికార్డు అలెగ్జాండర్ బర్కోవ్ పేరిట ఉన్న 21 గోల్స్. అదే ఏడాది మే నెలలో స్లొవేకియాలో జరిగిన సీనియర్ల ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో పాల్గొన్న ఫిన్లాండ్ జట్టులో పేరొందిన తారలు దాదాపు లేరు. కోచ్ యుక్కా యాలోనెన్ నమ్ముకున్నది సమష్టి ఆటనే. కక్కో ఆ పోటీలలో ఆరు గోల్స్ సాధించాడు. ఫైనల్‌లో ఫిన్లాండ్ 3-1తో కెనడాను ఓడించింది. 2018లో 18 ఏళ్లలోపు వారి స్వర్ణం, 2019లో 20 ఏళ్లలోపు వారి స్వర్ణం, ఆపై సీనియర్ల స్వర్ణం. 19 ఏళ్లు నిండకముందే ఈ మూడింటినీ గెలిచిన తొలి ఆటగాడు అతడే.

ఈ విజయాలన్నిటి వెనుక ప్రేక్షకులకు కనిపించని దినచర్య ఒకటుంది. కక్కోకు టైప్-1 మధుమేహంతో పాటు సీలియాక్ వ్యాధి కూడా ఉంది. మొదటి దానిలో శరీరం ఇన్సులిన్‌ను తయారుచేసుకోలేదు; జీవితాంతం బయటి నుంచి అందించవలసిందే. రెండో దానిలో గోధుమ, బార్లీ వంటి ధాన్యాల్లోని గ్లూటెన్ పేగులకు హాని చేస్తుంది. టైప్-1 మధుమేహం ప్రపంచంలో అత్యధికంగా నమోదయ్యే దేశం ఫిన్లాండే కాబట్టి అక్కడ ఇది అపరిచితమైన సమస్య కాదు. అయితే ఐస్ హాకీ దీన్ని మరింత జటిలం చేస్తుంది. దీర్ఘశ్రమ రక్తంలో చక్కెరను తగ్గిస్తుంది. పోటీ ఉద్వేగంలో విడుదలయ్యే అడ్రినలిన్ దాన్ని పెంచుతుంది. ఒకే సాయంత్రం ఈ రెండూ జరుగుతాయి. చక్కెర పడిపోతే చేతులు వణుకుతాయి, చూపు మసకబారుతుంది. గంటకు నూటయాభై కిలోమీటర్ల వేగం దాటగల రబ్బరు బిళ్ల ఎదుట అది ప్రమాదం. పైగా సీజన్‌కు 82 మ్యాచ్‌లు, వాటిలో సగం పరాయి నగరాల్లో. తోటి ఆటగాళ్లు మ్యాచ్‌కు ముందు సామాన్యంగా తినే పాస్తా కూడా అతడికి గోధుమతో చేసినదైతే పనికిరాదు.

అతడి కంటే ముందు ఈ వ్యాధితో ఆడినవారు లేకపోలేదు. ఫిలడెల్ఫియా ఫ్లయర్స్ నాయకుడు బాబీ క్లార్క్ టైప్-1 మధుమేహంతోనే 1974, 1975లలో స్టాన్లీ కప్ అందుకున్నాడు. నేటి ఆటగాళ్లలో మాక్స్ డోమీకి ఈ రెండు వ్యాధులూ ఉన్నాయి. 2020లో కోవిడ్ విరామం తర్వాత లీగ్‌ను పునఃప్రారంభించినప్పుడు కక్కో ఆడటం క్షేమమేనా అన్న సందేహం తలెత్తింది. చివరకు ఆగస్టులో టొరొంటోలో అతడు బరిలోకి దిగాడు. రేంజర్స్ మాత్రం కరోలినా హరికేన్స్ చేతిలో మూడు వరుస మ్యాచ్‌లు ఓడి నిష్క్రమించింది.

ఎవరు ఎవరిని ఎంచుకుంటారు?

డ్రాఫ్ట్ అంటే ఐపీఎల్ వేలం గుర్తుకు రావచ్చు. రెండూ ఒకటి కావు. వేలంలో డబ్బున్న జట్టు పాట పెంచి ఆటగాడిని దక్కించుకుంటుంది. డ్రాఫ్ట్‌లో బలహీనమైన జట్లకు ముందుగా అవకాశం ఇస్తారు; తొలి స్థానాలను లాటరీ తేలుస్తుంది. 2019లో ఆరో స్థానంలో ఉండవలసిన రేంజర్స్ లాటరీ పుణ్యమా అని రెండో స్థానానికి ఎగబాకింది. ఎంపికైన కుర్రవాడికి మాత్రం జట్టును ఎంచుకునే వీలు లేదు. 27 ఏళ్లు నిండేదాకా, లేదా లీగ్‌లో ఏడు సీజన్లు పూర్తయ్యేదాకా అతడిపై హక్కులు క్లబ్ చేతిలోనే ఉంటాయి.

రేంజర్స్ పరిస్థితి విచిత్రం. జట్టును పునాదుల నుంచి పునర్నిర్మిస్తామని 2018 ఫిబ్రవరిలో అభిమానులకు లేఖ రాసిన యాజమాన్యం, కక్కోను ఎంచుకున్న పది రోజులకే, అప్పటికే తారగా వెలుగుతున్న ఆర్తేమీ పనారిన్‌తో ఏడేళ్ల భారీ ఒప్పందం కుదుర్చుకుంది. అలా కుర్రవాళ్లను తీర్చిదిద్దాల్సిన జట్టు త్వరలోనే కప్ కోసం తొందరపడే జట్టయింది. పై వరుసల్లో అనుభవజ్ఞులు స్థిరపడ్డారు. పవర్‌ప్లేలోనూ అంతే. క్రికెట్ పవర్‌ప్లేతో దీనికి సంబంధం లేదు. ఐస్ హాకీలో ప్రత్యర్థి తప్పు చేసి ఒకరిని తాత్కాలికంగా కోల్పోయిన సమయాన్ని అలా పిలుస్తారు. గోల్స్ పండే ఆ నిమిషాల్లోనూ సీనియర్లదే పైచేయి. రెండో స్థానంలో ఎంపికైన కక్కో ఎక్కువ కాలం మూడో వరుసలో గడిపాడు.

తొలి సీజన్‌లో 66 మ్యాచ్‌లలో అతడికి దక్కినవి 10 గోల్స్, 13 అసిస్టులు, అంటే మొత్తం 23 పాయింట్లు. విఫలుడన్న ముద్ర వేయడానికి కొందరికి ఆ అంకె చాలింది. అదే సీజన్‌లో మొదటి స్థానం పొందిన హ్యూస్ 61 మ్యాచ్‌లలో సాధించినవి 21 పాయింట్లే. ఆ సంగతి విమర్శకులు అంతగా పట్టించుకోలేదు. తర్వాత ఇద్దరి దారులు వేరయ్యాయి. గెలుపు కోసం ఆత్రపడే స్థితిలో లేని న్యూజెర్సీ, హ్యూస్‌కు కేంద్ర స్థానాన్ని అప్పగించి ఓపిక పట్టింది. 2022-23లో అతడు 99 పాయింట్లు సాధించాడు. ఆ ఏడాది కక్కోవి 40. ఇద్దరి ప్రతిభలోనూ తేడా ఉంది, సందేహం లేదు. హ్యూస్ వేగం కక్కోకు లేదు. కానీ తేడా అంతా ప్రతిభదే అనడం అన్యాయం.

నిజానికి కక్కో బలం గోల్స్ లెక్కలో పూర్తిగా కనిపించదు. ప్రత్యర్థి మీదపడుతున్నా శరీరాన్ని అడ్డుపెట్టి బిళ్లను కాపాడుకోవడం, మైదానం అంచున గోడల వద్ద పోరాడి దాన్ని గెలవడం, వెనక్కి వచ్చి రక్షణకు తోడ్పడటం అతడి ప్రత్యేకతలు. 2022 ప్లేఆఫ్స్‌లో ఫిలిప్ ఖీటిల్, అలెక్సిస్ లాఫ్రెనియేర్‌లతో కలిసి అతడు ఆడిన వరుసను అభిమానులు ముద్దుగా కుర్రాళ్ల వరుస అని పిలిచారు. జట్టు సెమీఫైనల్ దశకు చేరడంలో వారి పాత్ర చిన్నది కాదు. అయినా టంపా బే లైట్నింగ్‌పై చావోరేవో తేలాల్సిన ఆరో మ్యాచ్‌లో ఏ గాయమూ లేని కక్కోను కోచ్ పక్కన పెట్టాడు. రేంజర్స్ ఓడిపోయింది.

2024 డిసెంబర్‌లో, మరో కోచ్ హయాంలో, అతడిని మళ్లీ ఒక మ్యాచ్‌కు తప్పించారు. జట్టు వరుసగా ఓడుతున్నప్పుడు ఒక యువ ఆటగాడిని తీసి పక్కన పెట్టడం తేలికైన పని అంటూ, మితభాషిగా పేరున్న కక్కో విలేకరుల ఎదుట అసంతృప్తి వెళ్లగక్కాడు. డిసెంబర్ 18న రేంజర్స్ అతడిని సియాటిల్ క్రాకెన్‌కు ఇచ్చివేసింది. బదులుగా తీసుకున్నది విల్ బోర్గెన్ అనే రక్షణ ఆటగాడిని, 2025 డ్రాఫ్ట్‌లో మూడో, ఆరో రౌండ్ల ఎంపిక హక్కులను. న్యూయార్క్‌లో అతడి లెక్క 330 మ్యాచ్‌లు, 61 గోల్స్, 131 పాయింట్ల వద్ద ముగిసింది.

సియాటిల్ చేరాక అతడు మాటీ బెనియర్స్ సరసన పై వరుసల్లో ఆడాడు. మంచుపై గడిపే సమయం పెరిగింది. ఆ సీజన్‌లో న్యూయార్క్ తరఫున 30 మ్యాచ్‌లలో 14 పాయింట్లు చేసిన ఆటగాడే సియాటిల్ తరఫున 49 మ్యాచ్‌లలో 30 పాయింట్లు సాధించాడు. మొత్తం 44 పాయింట్లతో తన అత్యుత్తమ గణాంకాన్ని నమోదు చేశాడు. అతడు ఉన్నట్టుండి మహా తార అయిపోయాడని ఈ అంకెలు చెప్పవు. పని ఇస్తే చేయగలడని మాత్రం చెబుతాయి. 2025 జులైలో క్రాకెన్ అతడితో ఏడాదికి సగటున 45.25 లక్షల డాలర్ల చొప్పున మూడేళ్ల ఒప్పందం చేసుకుంది.

2028 వేసవిలో ఆ ఒప్పందం ముగిసేనాటికి కక్కోకు 27 ఏళ్లు నిండి ఉంటాయి. నిబంధనల ప్రకారం అప్పటికి అతడిపై ఏ క్లబ్‌కూ హక్కు మిగలదు. ఈ లీగ్‌లో ఏ జట్టుకు ఆడాలో అతడు తనంతట తానుగా నిర్ణయించుకునే తొలి సందర్భం అదే అవుతుంది.