బండికీ దాహం వేస్తుంది!

ఎండలు ముదిరాయంటే కొత్త కుండ కొంటాం, కూలర్‌కు గడ్డి మార్పిస్తాం. వాకిట్లో నిలబెట్టిన కారు సంగతి మాత్రం మనకు పట్టదు. 'అది మగవాళ్ల వ్యవహారం' అనేస్తాం. కానీ పిల్లల్ని బడి నుంచి తెచ్చేది, పెద్దవాళ్లను ఆస్పత్రికి తీసుకెళ్లేది ఈ రోజుల్లో చాలా ఇళ్లలో మనమే కదా! ఉప్పల్ రింగురోడ్డు ట్రాఫిక్‌లో ఇంజన్ ఆవిర్లు కక్కితే ఎండలో నిలబడేదీ మనమే.

మా ఇంట్లో ఒక పాత స్టాండర్డ్ హెరాల్డ్ ఉంది. మా మామగారు ముచ్చటపడి సెకండ్‌హ్యాండ్‌లో కొన్నారు. మద్రాసులో స్టాండర్డ్ కంపెనీ 1961లో ఈ కార్లు తయారుచేయడం మొదలుపెట్టింది. దీనికి మూలమైన ట్రయంఫ్ హెరాల్డ్ 1959లో ఇంగ్లండులో వచ్చింది. దాని ఛాసిస్‌నే కురచచేసి 1962లో స్పిట్‌ఫైర్ అనే స్పోర్ట్స్ కారును తెచ్చారు. రెంటికీ రూపం దిద్దింది ఇటలీకి చెందిన మికెలొట్టి. అంటే మా హెరాల్డ్ సంసారపక్షం బండే అయినా దాని చెల్లెలు లె మాన్స్ పందేలకు కూడా వెళ్లొచ్చిందన్నమాట!

రెండేళ్ల కిందటి వేసవిలో మా బండి మరిగిపోవడం మొదలైంది. నాచారంలో బయల్దేరితే ఉప్పల్ చేరేలోపే ముల్లు పైకి ఎక్కేసేది. ఒక మెకానిక్ 'ఇంజన్ దింపాల్సిందే' అన్నాడు. ఖర్చు విని మావారు 'పాత ఇనుముకు వేసేద్దాం' అన్నారు. మామగారు పైకి ఏమీ అనలేదు గానీ ఆ పూట అన్నం సరిగా తినలేదు.

మర్నాడు పొద్దున్నే, బండి చల్లగా ఉన్నప్పుడు, రేడియేటర్ మూత తీసి చూశాం. లోపలంతా తెల్లటి పొర! అది నాకు కొత్తేం కాదు. బోరు నీళ్లు కాచే గిన్నె అడుగున, గీజర్ లోపల పేరుకునేది అదే. నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు వేడికి అలా గడ్డకడతాయి. ఇన్నేళ్లుగా రేడియేటర్‌కు పోస్తున్నవి ఆ బోరు నీళ్లే మరి.

నాచారం పారిశ్రామికవాడ వైపు రేడియేటర్లు బాగుచేసే ఒక పెద్దాయనకు చూపించాం. 'ఇంజన్‌కేం కాలేదమ్మా, గొట్టాలు మూసుకపోయినయి' అన్నాడాయన. పై ట్యాంకు టంకం ఊడదీసి, సన్నటి కమ్మీతో ఒక్కో గొట్టం శుభ్రంచేసి, మళ్లీ టంకం వేశాడు. రాగి, ఇత్తడి రేడియేటర్లకే ఈ వైద్యం. ఇప్పటి అల్యూమినియం, ప్లాస్టిక్ వాటిని సాధారణంగా మార్చేయడమే. 'ఇగ బోరు నీళ్లు పొయ్యకున్రి' అని మరీమరీ చెప్పి పంపాడు.

ఇంతకీ లోపల జరిగేదేమిటంటే, పంపు నీళ్లను ఇంజన్ చుట్టూ తిప్పుతుంది. వేడెక్కిన నీళ్లు రేడియేటర్ గొట్టాల్లో పారుతుంటే గాలి వాటిని చల్లారుస్తుంది. ఇంజన్ తగినంత వేడెక్కేదాకా థర్మోస్టాట్ దారి మూసి ఉంచుతుంది. బండి మరిగితే దాన్ని పీకి పారేయడం కొందరికి అలవాటు. అలా చేస్తే ఇంజన్ త్వరగా వేడెక్కదు, పెట్రోలు ఎక్కువ తాగుతుంది. పాడైతే కొత్తది వేయించుకోవాలి.

ఇక ఆ మూత సంగతి. ప్రెజర్ కుక్కర్‌లో నీళ్లు 120 డిగ్రీల దాకా వేడెక్కుతాయి. రేడియేటర్ మూత చేసేదీ ఆ పనే, ఒత్తిడి పెంచి నీళ్లను మరగనివ్వదు. విజిల్ దిగని కుక్కర్ మూత తీస్తామా? ఇదీ అంతే. వేడిమీద తీస్తే మరిగే నీళ్లు ముఖాన కొడతాయి.

మనం చూసుకోవాల్సినవి

దారిలో ముల్లు పైకి లేస్తే ఏసీ ఆపి, బండి పక్కకు తీసి ఇంజన్ ఆపేయండి. కనీసం అరగంట, పూర్తిగా చల్లారేదాకా మూత ముట్టుకోవద్దు. కాలుతున్న ఇంజన్‌లో చన్నీళ్లు గుమ్మరిస్తే లోహం పగలొచ్చు.

డిస్టిల్డ్ వాటర్, కూలెంట్ సగం సగం కలిపి పోయించండి. మామూలు ఆకుపచ్చ కూలెంటయితే రెండేళ్లకోసారి మార్పించాలి. నెలకోసారి రబ్బరు పైపులు నొక్కి చూడండి. మెత్తబడినా, పగుళ్లిచ్చినా మార్చేయాలి. పాత బండ్లలో ఇంజన్ ఆపి ఫ్యాన్ బెల్టును మధ్యలో నొక్కితే అర నుంచి ముప్పావు అంగుళం దిగాలి. రేడియేటర్ రెక్కల్లో ఇరుక్కున్న దుమ్ము, పురుగులు పోయేలా ఇంజన్ వైపు నుంచి మెల్లగా నీళ్లు కొట్టించండి.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఇంకొకటుంది. చాలా కూలెంట్లలో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, కానీ విషం. మిగిలింది కదా అని కూల్‌డ్రింక్ సీసాలో పోసి వంటింటి అటక మీద పెట్టకండి. నేల మీద ఒలికితే వెంటనే కడిగేయండి, పిల్లులూ కుక్కలూ నాకే ప్రమాదముంది. పిల్లలెవరైనా పొరపాటున తాగితే ఇంటి వైద్యాలతో కాలయాపన చేయకుండా ఆస్పత్రికి పరుగెత్తాలి.

మా హెరాల్డ్ ఇప్పుడు ఆదివారాలు మామగారిని ఎక్కించుకుని తిరుగుతోంది. దాని ముందుభాగం మడ్‌గార్డులతో సహా మొత్తం పైకి లేస్తుంది కాబట్టి చూడటం తేలిక. మీ బండి ఏదైనా, పొద్దున కాఫీ నీళ్లు పొయ్యి మీద పెట్టాక ఒకసారి బానెట్ ఎత్తి చూడండి. నీళ్లు కాగేలోపే ఆ పని అయిపోతుంది!