పంచెకట్టు చెప్పే పరమార్థం

పెళ్లిమండపంలో మాంగల్యధారణకు వేళవుతోంది. వధూవరులు మధుపర్కాలు ధరించి రావాలని పురోహితులు చెప్పారు. అంతవరకూ జరీ షేర్వాణీలో మెరిసిపోతున్న వరుడు విడిదిగదిలోకి వెళ్లి అయోమయంలో పడ్డాడు. అంచులకు పసుపు అద్దిన తెల్లని పంచె ఎదుట ఉంది. దాన్ని ఎటునుంచి చుట్టాలో అతనికి తెలియదు, చుట్టూ ఉన్న మిత్రులకూ తెలియదు. అంగడిలో దొరికే అతికించుకునే పంచె తెప్పిద్దామని ఒకరు సలహా ఇచ్చారు. ఇంతలో తాతగారు వచ్చారు. వణికే చేతులతోనే మనవడి నడుముకు పంచె చుట్టారు. ముందు కుచ్చెళ్లు పోశారు, వెనక గోచీ దోపారు, భుజాన ఉత్తరీయం సవరించారు. ‘‘నా పెళ్లినాడు మా నాన్న ఇలాగే కట్టారురా’’ అంటూ కళ్లు తుడుచుకున్నారు.

ఇటీవల బంధువుల ఇంట కనిపించిన ఈ దృశ్యం చాలాసేపు ఆలోచింపజేసింది. నాలుగున్నర గజాల బట్టలో ఆ వృద్ధుణ్ని కదిలించినది ఏమిటి? చీర నేటికీ స్త్రీలకు నిత్యజీవితంలో తోడుగా ఉంది. పురుషుడి పంచె మాత్రం పెళ్లికీ పేరంటానికీ వ్రతానికీ పరిమితమైపోయింది. ఆ కాసేపైనా దాన్ని ఎందుకు కట్టుకోవాలి?

అఖండ వస్త్రం

అంతరీయం, ఉత్తరీయం... ఈ రెండే మన పూర్వుల ప్రధాన వస్త్రాలు. నడుముకు ఒకటి, భుజాలకు ఒకటి. సుమారు రెండు వేల ఏళ్లనాటి అమరావతి స్తూప శిల్పాలను పరికించి చూస్తే, అందులోని మనుషుల నడుముల చుట్టూ మడతలు దేరిన ఆ అంతరీయమే కనిపిస్తుంది. వైదిక కర్మల్లో కత్తెర పడని, సూది తగలని వస్త్రానికి నేటికీ ప్రాధాన్యం ఉంది. మగ్గం నుంచి వచ్చింది వచ్చినట్లుగా, అఖండంగా ఉన్నదాన్నే దైవకార్యానికి శ్రేష్ఠంగా భావించారు పెద్దలు.

ఇందులో మరో విశేషం ఉంది. కుట్టిన దుస్తులకు ముందే ఒక రూపం ఉంటుంది. మనిషి అందులోకి దూరితే చాలు. పంచెకు అలాంటి రూపం లేదు. కట్టుకునే చేతులే దానికి రూపమిస్తాయి. ఆ చేతులకు నేర్పిన చేతులు మరొకరివి. అందుకే అది అంగడిలో కొన్నంత మాత్రాన మనది కాదు, తండ్రి నుంచో తాత నుంచో అందుకుంటేనే మనదవుతుంది. విడిదిగదిలో ఆ తాతగారిని కదిలించినది ఈ వారసత్వమే.

మగ్గమే మందిరం

కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న గద్వాలలో ఏటా ఒక వ్రతం సాగుతుంది. తిరుమల శ్రీవారి బ్రహ్మోత్సవాలకు అక్కడి నేతన్నలు ‘ఏరువాడ జోడు పంచెలు’ నేసి సమర్పిస్తారు. గద్వాల సంస్థానాధీశుల కాలం నుంచి వస్తున్న ఆచారమిది. మండల దీక్ష వహించి, నియమనిష్ఠలతో మగ్గం మీద కూర్చుంటారు. అంచులపై కోటకొమ్ములు తీరుస్తారు. పదకొండు గజాల ఆ పంచెలు ఏడుకొండలవాడి దివ్యమంగళ విగ్రహాన్ని అలంకరిస్తాయి. సంస్థానాలు చరిత్రలో కలిసిపోయాయి, పాలనలు మారాయి, గద్వాల ఇప్పుడు జోగులాంబ పేరిట జిల్లా కేంద్రమైంది. పంచెల సమర్పణ మాత్రం ఆగలేదు.

ఇక్కడ ఒక్క క్షణం ఆలోచించాలి. జగత్తుకే దిక్కైన స్వామికి వస్త్రానికి కొరత ఏముంది? అయినా ఒక నేతన్న చేతిపనిని ఆయన ధరిస్తున్నాడన్న భావనే ఆ మగ్గాన్ని మందిరం చేసింది. వస్త్రం మనిషికీ మనిషికీ నడుమ, మనిషికీ దైవానికీ నడుమ నేసిన బంధమని ఆ ఆచారం చాటుతోంది.

ఒక ఉదయం... ఒక నిర్ణయం

వస్త్రంలోని ఈ బంధాన్ని గాంధీజీ గుర్తించినంతగా మరెవరూ గుర్తించలేదేమో! యువకుడిగా లండన్‌లో ఆంగ్లేయుల మాదిరి సూటు ధరించిన ఆయన, 1915లో స్వదేశానికి కాఠియావాడ్ రైతు వేషంలో తిరిగివచ్చారు. 1921 సెప్టెంబరులో మద్రాసు నుంచి మదురైకి రైలులో వెళుతూ, విదేశీ వస్త్రాలు వదలి ఖద్దరు కట్టమని తోటి ప్రయాణికులను కోరారు. ఖద్దరు కొనే స్థోమత తమకు లేదన్నది వారి సమాధానం. అది ఆయనను నిలువనీయలేదు. సెప్టెంబరు 22న మదురైలో టోపీ, చొక్కా విడిచి కొల్లాయి గట్టారు. తొలుత అక్టోబరు నెలాఖరు వరకే అనుకున్న ఆ నియమం జీవితాంతం నిలిచింది. 1931లో బ్రిటిష్ చక్రవర్తి ఇచ్చిన తేనీటి విందుకూ ఆ వేషంతోనే వెళ్లారు.

గాంధీజీ ప్రాచీనతను ప్రదర్శించడానికి కొల్లాయి గట్టలేదు. ‘నేను ఎవరివాడిని?’ అన్న ప్రశ్నకు ఆయన దేహంతో చెప్పిన సమాధానమది. బట్ట కొనలేని మనిషే తన మనిషి అని ఆయన లోకానికి చెప్పారు.

మన శ్రీకాకుళం జిల్లా పొందూరు ఖద్దరుకు ఆయన ముగ్ధులయ్యారు. అక్కడి మహిళలు వాలుగ చేప దవడతో పత్తిని శుభ్రపరచి, వెన్నవంటి సన్నని నూలు వడుకుతారు. ఒక్క పంచె వెనక ఎన్ని చేతులు, ఎన్ని దినాల ఓర్పు! పంచె, చీర వంటి కొన్ని వస్త్రాలను చేనేతకే ప్రత్యేకించి 1985లో పార్లమెంటు చట్టం చేసింది. 2015 నుంచి ఆగస్టు 7ను జాతీయ చేనేత దినోత్సవంగా జరుపుకొంటున్నాం. కానీ కట్టుకునేవారు కరవైతే ఏ చట్టమైనా మగ్గాన్ని ఎంతకాలం ఆడించగలదు?

గర్వం వద్దు... గౌరవం కావాలి

స్వదేశంలోనే పంచెకు అవమానం జరిగిన సందర్భాలున్నాయి. 2014 జులైలో పంచె కట్టుకుని వచ్చిన హైకోర్టు న్యాయమూర్తిని చెన్నైలోని ఒక క్లబ్బు గుమ్మం వద్దే ఆపేశారు. పరాయి పాలన పోయినా దాని నియమాలు పోలేదని జనం కలతచెందారు. ఆ ఏడాదే తమిళనాడు శాసనసభ ఇలాంటి ఆంక్షలను నిషేధిస్తూ చట్టం తెచ్చింది.

అయితే నాణేనికి రెండో వైపును చూడకపోతే మనకు మనమే అన్యాయం చేసుకున్నవారమవుతాం. మన సమాజంలోనే కొందరికి భుజాన కండువా వేసుకునే హక్కు లేని రోజులున్నాయి. తిరువాన్కూరులో నాడార్ స్త్రీలు పైవస్త్రం ధరించే హక్కు కోసం దశాబ్దాలు పోరాడి, 1859లో రాజు ప్రకటనతో దాన్ని సాధించుకున్నారు. డాక్టర్ అంబేడ్కర్ సూటు ధరించడంలోనూ ఒక ఆత్మగౌరవ ప్రకటన ఉంది. ఊరూరా నీలిరంగు కోటుతో నిలిచిన ఆ మహనీయుడి విగ్రహాన్ని చూసి తలెత్తుకు నడిచేవారికి ఆ కోటే అస్తిత్వం. కనుక పంచె కట్టినవాడు ఉత్తముడు, కట్టనివాడు భ్రష్టుడు అనుకోవడం ధర్మం కాదు. పక్కవాణ్ని తక్కువ చేయడానికి కట్టిన నాడు ఎంత పట్టుపంచె అయినా అది అహంకారానికి తొడిగిన ముసుగే!

సంప్రదాయ వస్త్రధారణకు సార్థకత ఎక్కడుంది? మనం ఎవరికి రుణపడి ఉన్నామో తలచుకోవడంలో ఉంది. పత్తి పండించిన రైతుకు, నూలు వడికిన తల్లికి, మగ్గం ముందు నడుం వంచిన నేతన్నకు, కుచ్చెళ్లు పోయడం నేర్పిన తాతకు మనం రుణపడ్డాం. ఆ రుణాన్ని గుర్తుచేసే వస్త్రం ఏదైనా అది పవిత్రమైనదే. రోజూ కట్టనక్కర్లేదు. పండుగనాడో, గుడికి వెళ్లే వేళో ఒక నేత పంచె కొని కట్టుకుంటే చాలు. మన పిల్లలకు కట్టుకోవడం నేర్పితే ఇంకా మేలు.

మాంగల్యధారణ ముగిసింది. కొత్త దంపతులు పాదాలకు నమస్కరించినప్పుడు తాతగారు మనవడి గోచీ వదులైందేమోనని చూసి, చిన్నగా సర్దారు. ‘‘నీ కొడుక్కి నువ్వు కట్టాలిరా’’ అన్నారు నవ్వుతూ. ఆయన ఇచ్చిన ఆశీర్వాదం అదే.